అరవై ఒక్క ఓట్ల ఎమ్మెల్యే

ప్రెస్సు పై గది,
జూన్ 11.

తమ్ముడూ,

నువ్వు వెళ్లి పదహారు రోజులైంది. నిన్న ఫోన్ చేశావు. నా చెవుల సంగతి తెలిసి కూడా "అక్కకివ్వు" అంటావేంట్రా? ఫోను ఆనించుకుంటే నాకు రేకుల మీద వాన పడుతున్న చప్పుడే వినబడుతుంది. ఆ వానకే కాసేపు "ఊఁ, ఊఁ" అనేసి నీ పెళ్లాం చేతికి ఇచ్చేశాను. ఇక ఇవాళ్టి నుంచి ఉత్తరాలే. ముప్పై ఏళ్లు ఊళ్లో అందరి కాయితాలూ అచ్చు వేసినవాడివి, అక్కకి ఒక కాయితం రాయలేవా?

ముందు నా ప్రశ్నలు తీసుకో. సభలో నీ కుర్చీ ఎక్కడ? ముందు వరుసా, గోడ పక్కనా? పక్కన ఎవరు? మాట్లాడాలంటే చెయ్యెత్తాలా, చీటీ పంపాలా? మంత్రులు దగ్గర నుంచి చూస్తే ఎలా ఉంటారు, ఫొటోల్లోలాగే ఉంటారా? అసలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారక్కడ? ఇక్కడ అందరూ నన్నే అడుగుతున్నారు. తెలియదని చెప్పడానికి నామోషీగా ఉంది.

ప్రెస్సు బాగానే ఉంది. మెషిన్ నడిపే మన గేరుగాడు నువ్వు లేవని మరీ పెద్దమనిషిలా తయారయ్యాడు. చెప్పుల దుకాణం ఆయన నీ కథ ఇంకా చెబుతూనే ఉన్నాడట. "తన మీద పోటీ చేసే సినిమా హాలాయన ఓటరు చీటీలు కూడా తన మెషిన్ మీదే అచ్చేసిచ్చి, అరవై ఒక్క ఓట్లతో గెలిచినవాడు మా ఎమ్మెల్యే" అని. గేరు ఆ మాటలు కాయితం మీద రాసి చూపించాడు. నేనేమీ అనలేదు.

ఆఖరి ప్రశ్న. నువ్వు ఎన్నికల్లో ఎందుకు నిలబడ్డావురా? నామినేషన్ వేసి వచ్చాక గానీ ఇంట్లో చెప్పలేదు. అప్పుడూ అడిగాను, నవ్వి ఊరుకున్నావు. కాయితం మీద నవ్వడం కుదరదు, కాబట్టి జవాబు రాయి.

అక్క

*

శాసనసభ్యుల వసతి గృహం, గది 118,
జూన్ 20.

అక్కా,

నమస్కారం. నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు.

నాది ఆరో వరుస, స్తంభం పక్కన. స్వతంత్రులందరినీ అక్కడే కూర్చోబెట్టారు. కుర్చీ మెత్తగానే ఉంటుంది, లేచేటప్పుడు మాత్రం మూలుగుతుంది. నా పక్క సీటు ఒక డాక్టరమ్మది. మూడోసారి గెలిచిందట. సభ జరుగుతుంటే స్వెట్టరు అల్లుతూ ఉంటుంది, కానీ ఒక్క మాట వదలకుండా వింటుంది. మంత్రులు ఫొటోల్లో కంటే పొట్టిగా ఉన్నారు. మాట్లాడాలంటే ముందు చీటీ పంపాలి, స్పీకర్ పిలిచాక బల్ల మీదున్న మీట నొక్కాలి, మైకు చివర ఎర్ర దీపం వెలుగుతుంది.

పొద్దున ఎనిమిదికల్లా గది ముందు జనం. ఒకరికి బదిలీ కావాలి, ఒకరికి బదిలీ ఆగాలి. పది దాటాక సభ. సభ అయ్యాక కాయితాలు. అక్కా, ఇక్కడ ఇచ్చే కాయితాలు చూస్తే నువ్వు పండగ చేసుకుంటావు. రోజుకొక కట్ట. ఎవరూ చదవరు, సంచిలో పెట్టుకుని వెళ్లిపోతారు. నీకు తోచనప్పుడు చూస్తావని ఈ నెల వచ్చిన బిల్లులన్నీ పార్సిల్ చేశాను.

ఆఖరి ప్రశ్నకు మరోసారి రాస్తాను. పని ఎక్కువగా ఉంది.

తమ్ముడు

*

ప్రెస్సు పై గది,
జులై 6.

తమ్ముడూ,

పని ఎక్కువగా ఉందా? సభ జరుగుతున్నంతసేపూ టీవీలో చూపిస్తారని మరచిపోయినట్టున్నావు. నాకు మాటలు వినబడవు కాబట్టి ఎవరి నోరు కదులుతోందో బాగా కనబడుతుంది. పన్నెండు రోజులు కళ్లల్లో వత్తులు వేసుకుని చూశాను. నువ్వు నోరు తెరిచింది ఒక్కసారి. అది కూడా ఆవలింతకి.

ఏమైంది నీకు? ఇక్కడ నిన్ను ఆపడమే కష్టంగా ఉండేది కదా. పెళ్లిపత్రిక వేయించుకోవడానికి వచ్చినవాళ్లకి వీధి దీపాల గురించి గంట చెప్పి పంపేవాడివి.

సరే, బిల్లుల సంగతి. తోచనప్పుడు చూడమన్నావు. నాకు ఎప్పుడూ తోచదు, అన్నీ చదివేశాను. తొమ్మిది అక్షర దోషాలు, మూడు చోట్ల అనవసరపు కామాలు. అవి పోనీ. వీధి వ్యాపారుల స్థలాల బిల్లు తీసి పక్కన పెట్టుకో. రోడ్డు వెడల్పు చేసినప్పుడు బళ్లవాళ్లకీ, గొడుగులు బాగుచేసేవాళ్లకీ వేరే చోటు చూపించే బిల్లు. ఏడో క్లాజులో ఏముందో చూడు: "పదేళ్లుగా అదే చోట వ్యాపారం చేస్తున్న, లైసెన్సు ఉన్నవారికి స్థలం కేటాయించాలి." ఇప్పుడు ఆఖరి పేజీకి వెళ్లు. ఈ బిల్లు ఎందుకు తెస్తున్నారో చెప్పే వివరణ ఉంది. అందులో ఏముంది? "పదేళ్లుగా వ్యాపారం చేస్తున్నవారికి లేదా లైసెన్సు ఉన్నవారికి."

ఒకచోట "లేదా" ఉంది, ఇంకోచోట లేదు. మన పాత బజారులో బళ్లవాళ్లు రెండొందల మందైనా ఉంటారు. లైసెన్సు ఉన్నవాళ్లు ఎంతమంది? నిన్న గేరుని పంపి అడిగించాను. పద్నాలుగు మంది. ఆ ఒక్క మాట లేకపోతే మిగతావాళ్లంతా రోడ్డున పడతారు.

ఇది ఎవరి చేతిలో జారిపోయిందో నాకు తెలుసుకోవాలని ఉంది. అక్కడ ప్రూఫులు ఎవరు చూస్తారు? ఎన్నిసార్లు చూస్తారు? కనుక్కుని రాయి.

అక్క

*

గది 118,
జులై 19.

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆవలింత సంగతి డాక్టరమ్మకి చెబితే ఊలు దారం జారిపోయేలా నవ్వింది.

నిజం రాస్తాను. రెండుసార్లు చీటీ పంపాను. స్పీకర్ పిలిచాడు కూడా. మీట నొక్కగానే ఆ ఎర్ర దీపం వెలిగింది. అంతే, నా నోట మాట రాలేదు. "తర్వాత మాట్లాడతాను అధ్యక్షా" అని కూర్చున్నాను. మన దుకాణంలో నేను మాట్లాడితే గాలికి పోయేది. ఇక్కడ ప్రతి మాటా రాసుకుంటారు, అచ్చు వేస్తారు. అచ్చులో పడిన తప్పు ఎంతకాలం ఉంటుందో మనకంటే ఎవరికి తెలుసు?

ఎందుకు నిలబడ్డావని అడిగావు కదా. చెబితే నవ్వుతావని చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా వాళ్ల హామీల కరపత్రాలు అచ్చు వేశాను. ప్రతిసారీ పాత కరపత్రమే తెచ్చి "తేదీ మార్చి వేసెయ్యండి" అనేవాళ్లు. గెలిచి లోపలికి వెళ్లినవాళ్లు అక్కడ ఏం చేస్తారు, ఏం చూస్తారు, ఎందుకు అదే కాయితం పట్టుకుని మళ్లీ వస్తారు? వెళ్లి చూడాలనిపించింది. అంతే అక్కా. జనసేవ అని అందరికీ చెప్పాను. నీకు అబద్ధం చెప్పలేక నవ్వాను.

ఇప్పుడు ఏడో క్లాజు. మొన్న సభ అయ్యాక ముద్రణ విభాగానికి వెళ్లాను. కింది అంతస్తులో ఉంది. గుమ్మం దగ్గరికి రాగానే సిరా వాసన. కాసేపు అక్కడే నిలబడిపోయాను. సూపరింటెండెంటు యాభై దాటిన మనిషి, సన్నగా, చొక్కా జేబులో మూడు పెన్నులు. నన్ను చూసి కంగారుపడ్డాడు. ఇన్నేళ్లలో ఏ ఎమ్మెల్యే ఆ మెట్లు దిగలేదట. ఫైలు అడిగితే తీసిచ్చాడు.

మొదటి ప్రూఫులో "లేదా" లేదు. రెండో ప్రూఫులోనూ లేదు. కానీ ఆ రెండోదాని మార్జిన్‌లో కాయితం కొంచెం గరుకుగా అనిపించింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకున్నాను. పెన్సిలు నొక్కు కనబడింది. "లేదా" అని ఎవరో రాశారు. మళ్లీ ఎవరో రబ్బరుతో చెరిపేశారు. సూపరింటెండెంటు వైపు చూశాను. అతను కిటికీ వైపు చూస్తున్నాడు.

అక్కా, ఈ విద్య నాకు నేర్పింది నువ్వు. చెప్పు, ఇది పొరపాటా, కావాలని చేసిందా?

తమ్ముడు

*

ప్రెస్సు పై గది,
జులై 27.

తమ్ముడూ,

ఉత్తరం అందింది. చెరిపింది ఎవరని ఇప్పుడు వెతక్కు. బిల్లు సభలోకి రాకముందే సవరణ ఇవ్వు. ఎర్ర దీపాన్ని చూడకు, నీ చేతిలో కాయితం చూసి చదువు.

మిగతా విషయాలు తర్వాత రాస్తాను. కళ్లు లాగుతున్నాయి.

అక్క

*

గది 118,
ఆగస్టు 14.

అక్కా,

మాట్లాడాను! చూశావా టీవీలో? నా నోరు కదిలిందా లేదా?

నువ్వు చెప్పినట్టే చేశాను. దీపం వైపు చూడలేదు. ముందు క్లాజు చదివాను, తర్వాత వివరణ చదివాను. "అధ్యక్షా, ఈ రెండింట్లో ఏది నిజం?" అని అడిగాను. మంత్రి లేచి "గౌరవ సభ్యులు ప్రెస్సు నడుపుతారు కాబట్టి అక్షరాలు లెక్కపెడుతున్నారు" అన్నాడు. సభంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వాక భయం పోయింది.

"నిజమే అధ్యక్షా, నేను అక్షరాలు పేర్చుకుని బతికినవాణ్ని. ఈ రెండక్షరాల మాట లేకపోతే మా ఊరి బజారులో రెండొందల మందిలో పద్నాలుగు మంది మిగులుతారు. మిగతావాళ్లని ఎక్కడికి వెళ్లమంటారో మంత్రిగారు చెబితే ఆ చిరునామా నేనే అచ్చు వేసి పంచుతాను" అన్నాను.

డాక్టరమ్మ అల్లిక ఒళ్లో పెట్టి బల్ల చరిచింది. ఆమెని చూసి వెనక వరుసవాళ్లు, వాళ్లని చూసి ముందు వరుసవాళ్లు. మంత్రి పక్కవాడితో ఏదో గొణిగి, "అచ్చు దోషం, సరిచేస్తాం" అన్నాడు. సరిచేశారు. బిల్లు "లేదా"తో పాసయింది.

ఆ సాయంత్రం సూపరింటెండెంటు నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేనే చూశాను సార్. నేనే రాశాను. పైవాళ్లని అడిగితే 'అలాగే వచ్చింది, వదిలెయ్' అన్నారు. నేనే చెరిపేశాను" అన్నాడు.

"పొరపాటని అనుకున్నారా, కావాలని చేశారని అనుకున్నారా?" అని అడిగాను.

"అడగలేదు సార్. అడిగితే తెలుస్తుంది కదా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. "మా ప్రెస్సులో ప్రూఫులు మా అక్క చూస్తుంది. తప్పు కనబడితే ముప్పై ఏళ్లలో ఒక్కటి కూడా వదల్లేదు" అని చెప్పాను. తల వంచుకుని వెళ్లిపోయాడు.

మొన్న నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. ఒంట్లో బాగుందా? అద్దాలు మార్పించుకో.

తమ్ముడు

*

ప్రెస్సు పై గది,
ఆగస్టు 22.

తమ్ముడూ,

చూశాను. నీ నోరు కదిలింది. గేరు నీ మాటలు రాసి చూపిస్తుంటే నేను వెక్కి వెక్కి ఏడ్చాననీ, ఆ కాయితం తడిసిందనీ నీ పెళ్లాం నీకు చెప్పే ఉంటుంది. ఏడ్చింది సంతోషానికి అనుకున్నారు అందరూ.

ఆ సూపరింటెండెంటుకి అలా చెప్పకుండా ఉండాల్సింది. పొరపాటా, కావాలని చేసిందా అని నన్ను అడిగావు కదా. ఆ రెండూ కానిది ఇంకొకటి ఉంది. చేతిలో జారిపోయిన తప్పుని, తర్వాత చూసి కూడా వదిలెయ్యడం. అది నాకు తెలుసు. ఎలా తెలుసో రాస్తాను, ఆఖరిదాకా చదువు.

పోలింగుకి నాలుగు రోజుల ముందు. హాలాయన ఓటరు చీటీలు అచ్చయి, కోత అయి, వీధుల వారీగా కట్టలు కట్టి గుమ్మం దగ్గర పేర్చి ఉన్నాయి. ఆఖరి ప్రూఫు చూసింది నేనే, సంతకం నాదే. అప్పుడు నాకు తప్పు కనబడలేదు. ఇది నమ్ము. కట్టల పైన పెట్టిన చీటీలు ఊరికే చూస్తుంటే కనబడింది. రైలు గేటు అవతలి వీధికి బూత్ 87, బాలికల పాఠశాల అని ఉండాలి. 78, మార్కెట్ యార్డు అని ఉంది. అంకెలు తిరగబడ్డాయి, వాటి వెంటే చిరునామా మారిపోయింది. యార్డు ఊరికి ఆ చివర.

బయట ఆటో ఆగి ఉంది. నేను లేచాను. రెండడుగులు వేశాను కూడా. నువ్వు గుమ్మంలో నిలబడి హాలాయన మనిషికి కట్టలు అందిస్తున్నావు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. "జాగ్రత్త, తడవనివ్వకండి" అన్నావు. నీ పెదాలు చూశాను. నిన్ను ఓడించడానికి వేయించుకున్న చీటీలు తడవకూడదని నువ్వు పడుతున్న తాపత్రయం చూస్తే నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద కోపమో తెలియదు. వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఆటో వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు ఉంది నాకు చెప్పడానికి. చెప్పలేదు.

ఆ వీధివాళ్లు చీటీలు పట్టుకుని యార్డుకి వెళ్లారు. జాబితాలో పేర్లు లేవన్నారు. కొందరు పాఠశాలకి పరుగెత్తారు, కొందరు పనికి ఆలస్యమైందని వెళ్లిపోయారు. నువ్వు అరవై ఒక్క ఓట్లతో గెలిచావు.

నీ గెలుపు కథ ఎవరు చెప్పినా నేను ఎందుకు ఏమీ అననో ఇప్పుడు తెలిసింది కదా.

అక్క

*

గది 118,
సెప్టెంబరు 16.

అక్కకి,

ఉత్తరం అందింది.

ఆ చీటీలు ఎన్ని?

ఇంకెవరికైనా తెలుసా?

ఇన్నాళ్లు చెప్పనిదానివి ఇప్పుడెందుకు చెప్పావు?

తమ్ముడు

*

ప్రెస్సు పై గది,
సెప్టెంబరు 28.

తమ్ముడూ,

మూడు వారాలు నీ ఉత్తరం కోసం చూశాను. నమస్కారం లేకుండా వచ్చింది. అది నాకు రావలసిందే.

చీటీలు మూడొందల నలభై రెండు. ఇంకెవరికీ తెలియదు, గేరుకి కూడా. ఇప్పుడెందుకు చెప్పానంటే, నువ్వు ఆ మనిషి ముందు నన్ను గొప్పగా నిలబెట్టావు. ఆ మెప్పు ఉంచుకోవడం నా వల్ల కాలేదు.

ఒక పని చేశాను, తిట్టకు. నిజం ఏమిటో తెలుసుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు. ఓటరు జాబితా, ఒక నోటు పుస్తకం పట్టుకుని గేటు అవతలి వీధికి వెళ్లాను. ఐదు రోజులు కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. "ఆ రోజు ఏమైంది? ఓటు వేశారా? వేసి ఉంటే ఎవరికి వేసేవారు? నాకు వినబడదు, ఇందులో రాయండి" అని పుస్తకం చేతికిచ్చాను. రాయడం రానివాళ్లు వేళ్లతో చూపించారు.

యార్డు దాకా వెళ్లి ఓటు వేయకుండా ఇంటికి తిరిగొచ్చినవాళ్లు నూట నాలుగు మంది.

ఎవరికి వేసేవారంటే ఏం రాశారో తెలుసా? అందరూ నీకేనట! నూట మూడు మంది! కుర్చీలు తెచ్చి వేశారు, మంచినీళ్లిచ్చారు, పుస్తకంలో నీ గుర్తు బొమ్మ కూడా వేసిచ్చారు. ఒకాయన తనకు రావలసిన కుళాయి సంగతి కింద రాశాడు. ఎమ్మెల్యే అక్క వచ్చి అడిగితే ఇంకేం చెబుతారు, నా పిచ్చి కాకపోతే. ఒక్క కుట్టు మిషన్ ఆవిడ మాత్రం పుస్తకం లాక్కుని పెద్ద అక్షరాలతో రాసింది: "హాలాయనకే వేసేదాన్ని. మీ తమ్ముడు మాటలెక్కువ మనిషి."

ఆవిడ ఒక్కర్తే నిజం చెప్పిందనిపించింది. మిగతా నూట మూడూ అలాగే ఉండిపోయాయి. ఎంత వెతికినా దొరకని నిజం కూడా ఉంటుందని ఈ వయసులో తెలిసింది.

నువ్వు ఏం చేసినా నేను అడ్డు చెప్పను.

అక్క

*

గది 118,
అక్టోబరు 21.

అక్కా,

నమస్కారం. ఈసారి మరిచిపోలేదు.

నీ మీద కోపం వారం రోజులే ఉంది. మిగతా రోజులన్నీ నా మీద నాకే అనుమానం. నాకు ముందే తెలిసి ఉంటే నేనైనా ఆటోని ఆపేవాణ్నా? ఆపేవాణ్నని గట్టిగా చెప్పలేకపోతున్నాను. అది తెలిశాక ఇక్కడ కూర్చోవడం కష్టమైంది.

పోయిన ఆదివారం ఊరికి వచ్చాను. ఇంటికి రాలేదు, క్షమించు. నేరుగా సినిమా హాలుకి వెళ్లాను. ఉదయం ఆట ఇంకా మొదలవలేదు. హాలాయన టికెట్ల గది ముందు కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. "ఏం ఎమ్మెల్యేగారూ, సినిమాకా?" అన్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. నీ పేరు చెప్పలేదు, మా ప్రెస్సులో తప్పు జరిగింది, చూసి కూడా దిద్దలేదు అన్నాను.

పేపరు మడిచాడు. "బూత్ నంబరు తప్పని నాకు పోలింగు రోజు పదింటికే తెలుసు" అన్నాడు.

వెంటనే అడిగాను. "మరి కోర్టుకి ఎందుకు వెళ్లలేదు?"

"వెళ్లి ఏం చెప్పను? ఎదుటివాడి ప్రెస్సులో అచ్చు వేయించుకుని, ఒక్క చీటీ కూడా చదవకుండా పంచానని చెప్పనా? ఊరంతా ముక్కున వేలేసుకోదూ? పైగా మా వాళ్లందరూ 'అతను నిఖార్సైన మనిషండీ, తప్పుడు పని చేయడు' అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను."

ఆ ఆఖరి మాట తగిలిన చోటు ఇంకా నొప్పిగానే ఉంది.

"రాజీనామా చేస్తున్నాను. మళ్లీ ఎన్నిక జరుగుతుంది" అన్నాను.

"చెయ్యండి. నేను మళ్లీ నిలబడతాను. జాలిపడి తప్పుకుంటానని అనుకోకండి."

"జాలి కోసం రాలేదండీ."

"కూర్చోండి, టీ తాగి వెళ్దురుగాని" అన్నాడు. తాగాను.

నిన్న స్పీకర్‌కి రాజీనామా ఇచ్చాను. కారణం రాయక్కర్లేదన్నారు. రాశాను. సభలో చదివాను కూడా. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, ఈసారి దానివైపే చూస్తూ చదివాను. మంత్రి నవ్వలేదు. డాక్టరమ్మ బయటికి వచ్చాక "మీరు పోతే నా పక్కన ఆవలించేదెవరు?" అంది. అల్లుతున్న స్వెట్టరు ఎవరికని అడిగాను. "ఎవరికీ కాదు. చేతులు ఊరుకుంటే నోరు ఊరుకోదు, అందుకు" అంది.

వచ్చే వారం గది ఖాళీ చేస్తున్నాను. మళ్లీ పోటీ చేస్తాను. నీ విషయం ఎవరికీ తెలియనవసరం లేదు.

తమ్ముడు

*

మీ మేనకోడలి ఇల్లు, వంటగది బల్ల,
డిసెంబరు 3.

తమ్ముడూ,

నేను చెప్పకుండా వచ్చేశానని కోపగించుకోకు. ఎన్నికల కాయితాలు అచ్చయ్యే గదిలో నేను ఉండకూడదు. అందుకే ఓట్ల లెక్కింపు అయ్యేదాకా కూతురి దగ్గర ఉంటున్నాను.

ఇంకొకటి కూడా నీకు చెప్పకుండా చేశాను. వచ్చేముందు హాలాయన ఇంటికి వెళ్లి, ఆ ప్రూఫు మీద సంతకం నాదని రాసిచ్చి వచ్చాను. నీ పేరు వెనక దాక్కోవడం ఇష్టం లేకపోయింది. ఆయన చదివి, కాయితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. రేపు మైకులో చదువుతాడేమో. చదివితే చదవనీ.

ఇక్కడ తోచడం లేదు. మీ మేనకోడలు మందు సీసాల మీద రాతలు కూడా దిద్దుతున్నానని విసుక్కుంటోంది. ప్రచారం ఎలా సాగుతోంది? జనం ఏమంటున్నారు? గేటు అవతలి వీధికి వెళ్లావా? కుర్చీలు వేస్తున్నారా?

నాకు కావలసింది ఒకటే. లెక్కింపు అయ్యాక బూత్ 87లో ఎవరికి ఎన్ని పడ్డాయో రాయి. నువ్వు గెలిచావా ఓడావా అన్నది తర్వాత.

అక్క

*

ప్రెస్సు, కింది గది,
జనవరి 19.

అక్కా,

ముందు అదే రాస్తున్నాను. బూత్ 87: నాకు నాలుగొందల రెండు, హాలాయనకి రెండొందల అరవై మూడు.

ఇప్పుడు మిగతాది. నాలుగొందల పద్దెనిమిది ఓట్ల తేడాతో ఓడిపోయాను.

నువ్వు ఇప్పటికే పెన్సిలు తీసి ఉంటావు. ఆ వీధి నాదే అయితే ఆ నూట నాలుగు మందీ వేసి ఉన్నా మొదటిసారి నేనే గెలిచేవాణ్నని లెక్క వేస్తూ ఉంటావు. నేనూ లెక్కింపు హాల్లో కూర్చుని అదే చేశాను. బయటికి వస్తుంటే కుట్టు మిషన్ ఆవిడ ఎదురైంది. "ఈసారి నీకే వేశాను" అంది. మొదటిసారైతే అని అడగబోయాను. "మొదటిసారైతే వేసేదాన్ని కాదని మీ అక్కకి చెప్పాగా" అంది. కాబట్టి పెన్సిలు కింద పెట్టెయ్. అప్పటి సంగతి ఇప్పటి ఓట్లు చెప్పవు.

మిగతా ఊరు ఎందుకు వేయలేదో కూడా చెబుతాను. "ఇచ్చినదాన్ని వదిలేసి వచ్చినవాడికి మళ్లీ ఎందుకివ్వాలి?" అన్నారు. చెప్పుల దుకాణం ఆయన మొహం మీదే అన్నాడు. తప్పనిపించలేదు. బజారులో బళ్లవాళ్లకి మాత్రం కొత్త స్థలం గీతలు గీస్తున్నారు. గొడుగులు బాగుచేసే అతను తన గీత లోపల నిలబడి చూపించాడు. ఇప్పించింది ఫలానా నాయకుడని దాని మీద ఎవరి పేరూ లేదు, బాగుంది.

హాలాయన నీ కాయితం ఎక్కడా చదవలేదు. ప్రచారం ఆఖరి రోజు ఆయన దగ్గరున్న ఒకడు ఆ చీటీల మాట ఎత్తితే, "అది వాళ్ల ఇంట్లో తేలిపోయిన విషయం" అన్నాడట.

నిన్న సాయంత్రం ప్రెస్సుకి వచ్చాడు. ఓటర్లకి ధన్యవాదాలు చెబుతూ కరపత్రం వేయాలట, ఎనిమిది వేలు. "ఊళ్లో ఇంకో ప్రెస్సు వచ్చింది కదండీ" అన్నాను. "వచ్చింది. కానీ ప్రూఫు మీ అక్కే చూడాలి. ఆవిడ చూసేదాకా మెషిన్ ఎక్కించొద్దు" అన్నాడు.

"ఆవిడ ఊళ్లో లేదు."

"ఆగుతాను" అన్నాడు.

రేపటి బస్సుకి బయల్దేరి రా. ప్రూఫు తీసి నీ బల్ల మీద పెట్టాను. గేరు రెండుసార్లు వచ్చి చూసి, ముట్టుకోకుండా వెళ్లాడు.

తమ్ముడు